పరీక్ష రోజు పొద్దున వాంతులు: గాభరా కడుపుకెక్కితే ఏం చేయాలి?

ప్రశ్న: బాలికల హాస్టల్ వార్డెన్, గుంటూరు జిల్లా

ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి, 17 ఏళ్లు. వారం వారం పెట్టే పరీక్ష రోజు పొద్దున 5 నుంచి 8 లోపు రెండు మూడుసార్లు వాంతి అవుతోంది. ముందు నోట్లో నీళ్లూరుతాయి, డోకు వస్తుంది, తర్వాత పుల్లటి నీళ్లు, ఆఖరికి పసరు. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. పరీక్ష రాసి వచ్చిన గంటకు మామూలుగా అన్నం తింటుంది. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఒక్కసారి కూడా రాలేదు. రెండు నెలల్లో బరువు 46 కిలోల నుంచి 44కి వచ్చింది.

హాస్టల్ వేళలు: రాత్రి 8కి భోజనం, పొద్దున 4:30కి లేపడం, స్టడీ అవర్లో టీ, 7:30కి టిఫిన్, 9కి పరీక్ష.

ఇంట్లో వాళ్లు పైత్యం అంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర, వాంతుల మాత్ర రోజూ వేసుకోమన్నాడట. మెస్‌లో పనిచేసేవాళ్లు పరీక్ష ఎగ్గొట్టడానికి నటన అంటున్నారు. నాకు కావలసింది: ఆ అరగంటలో వరుసగా ఏం చేయాలి, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వివరంగా చెప్పగలరు.

---

జవాబు 1: జనరల్ మెడిసిన్, విజయవాడ

మేడమ్, మెస్‌లో వాళ్లకు ముందు ఒక మాట చెప్పండి. ఇది నటన కాదు. వేలు పెట్టుకోకుండా పసరు వచ్చేదాకా కక్కడం నటనతో అయ్యే పని కాదు.

మెదడు అడుగున మెడుల్లా అనే భాగంలో వాంతిని నడిపించే ఏర్పాటు ఉంటుంది. దానికి కడుపు నుంచి వేగస్ నరం మీదుగా కబురు వస్తుంది, లోపలి చెవి నుంచి వస్తుంది, రక్తంలో కలిసిన విషాల నుంచి వస్తుంది, భయం పుట్టే మెదడు భాగాల నుంచి కూడా వస్తుంది. దారులు నాలుగు, తలుపు ఒక్కటే. కలుషితమైన తిండి తిన్నా, పరీక్ష తలుచుకుని వణికినా తెరుచుకునేది ఆ తలుపే. దానికి తోడు, గాభరాలో మెదడు వదిలే సీఆర్‌ఎఫ్ అనే హార్మోను కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పెద్దపేగును మాత్రం పరుగెత్తిస్తుంది. పరీక్ష పొద్దున కొందరికి పైన వికారం, కింద విరేచనం ఒకేసారి పట్టుకునేది అందుకే. పొద్దున్నే ఎందుకు అంటే, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటకు రోజు మొత్తంలో ఎక్కువగా ఉంటుంది. రాత్రి 8 నుంచి ఖాళీగా ఉన్న కడుపులో ఆమ్లం తప్ప ఇంకేమీ ఉండదు. ఇంట్లో వాళ్లు పైత్యం అంటున్న పసరు, కడుపు ఖాళీ అయ్యాక కూడా వాంతి ఆగకపోతే చిన్నపేగు నుంచి వెనక్కి వచ్చే పిత్తరసం. అది జబ్బుకు కారణం కాదు, గట్టిగా వాంతి అయిందనడానికి గుర్తు.

మీరు రాసిన తీరు చూస్తే, సెలవుల్లో రాకపోవడం, పరీక్ష అయ్యాక తినగలగడం మానసిక ఒత్తిడి వైపే చూపిస్తున్నాయి. అయినా బరువు తగ్గింది కాబట్టి ఒక్కసారి డాక్టరుకు చూపించాల్సిందే. 46 కిలోల పిల్లకు 5 శాతం అంటే 2.3 కిలోలు, మీరు ఆ గీత పక్కనే ఉన్నారు. రక్తకణాల లెక్కకు సీబీపీ, రక్తంలో చక్కెర, కిడ్నీలకు క్రియాటినిన్, సోడియం, పొటాషియం, లివర్ పరీక్ష, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూత్ర పరీక్ష చాలు. లివర్ పరీక్ష ఎందుకంటే హాస్టళ్లలో నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్లు కళ్లు పచ్చబడక ముందే వికారంతో మొదలవుతాయి. నూనె వాసన పడదు, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది. గర్భ పరీక్ష అవసరమా అన్నది డాక్టరు ఆ అమ్మాయిని ఒంటరిగా, గుట్టుగా అడిగి తేల్చాలి. తల్లి ముందు అడిగితే నిజం రాదు.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒత్తిడి అనుకుని ఆగొద్దు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి లాంటి నలుపు. 8 గంటలు మూత్రం రాకపోవడం. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం. కడుపు ఒకేచోట పట్టి నొప్పి. మెడ బిగుసుకుని జ్వరం. నిద్రలోంచి లేపేంత తలనొప్పితో వాంతి, ముఖ్యంగా చూపు మసకబారితే. షుగర్ ఉన్న పిల్ల అయితే రెండు వాంతులకే వెళ్లాలి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. గొడవ జరిగిన తర్వాతో, మార్కులు వచ్చిన తర్వాతో ఉన్నట్టుండి వాంతులు మొదలైతే పక్కన కూర్చుని సూటిగా అడగండి: "అమ్మా, ఏమైనా మింగావా? మాత్రలు గానీ, పురుగుమందు గానీ?" అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, అలా పుట్టదు. మన పల్లెల్లో పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది. నోట్లోంచి నురగ, చొంగ, విపరీతమైన చెమట, కంటిపాపలు చిన్నగా కుంచించుకుపోవడం, పురుగుమందు వాసన, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. డబ్బా గానీ, మాత్రల అట్ట గానీ దొరికితే వెంట తీసుకెళ్లండి. పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లు మొదటి రోజు కేవలం వాంతులతో ఉండి మామూలుగా కనిపిస్తారు, లివర్ దెబ్బ రెండు మూడు రోజులకు బయటపడుతుంది. బాగానే ఉంది కదా అని పడుకోబెట్టడం అక్కడే ప్రాణం తీస్తుంది.

---

జవాబు 2: కౌన్సెలింగ్, స్టూడెంట్ హెల్ప్

ఆ అరగంట గురించి చెబుతాను.

నోట్లో నీళ్లూరడమే మొదటి హెచ్చరిక. అది మొదలయ్యాక వాంతికి ముందు కొద్ది నిమిషాలు చేతిలో ఉంటాయి. డోకు పూర్తిగా పైకి వచ్చాక ఆపడం కష్టం, కాబట్టి నీళ్లూరగానే చెప్పమని ఆ అమ్మాయికి ముందురోజే చెప్పి ఉంచండి. మాట్లాడక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు.

గదిలోంచి కిటికీ పక్కకు, ఫ్యాను కిందకు తీసుకెళ్లండి. బాత్రూంకు కాదు, ఆ వాసనే సగం వాంతి. పక్కన మూతున్న బకెట్టు ఒకటి పెట్టండి. నిటారుగా కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చున్నీ తీసేసి, ప్యాంటు నాడా ఒక్క ముడి వదులు చేయించండి. మెడ వెనక తడిపి పిండిన చల్లని గుడ్డ.

తర్వాత ఊపిరి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. "బాగా గాలి పీల్చు, గట్టిగా పీల్చు" అంటారు. గాభరాలో ఉన్న పిల్ల అప్పటికే ఎక్కువ పీలుస్తూ ఉంటుంది. ఇంకా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కుతాయి, తల తిరుగుతుంది, వికారం రెట్టింపవుతుంది. నోటితో గుటకలు వేసిన గాలి కడుపును ఉబ్బిస్తుంది. కాబట్టి పీల్చడం గురించి మాట్లాడకండి, వదలడం గురించి చెప్పండి. ఒక చెయ్యి బొడ్డు మీద, ఒక చెయ్యి రొమ్ము మీద. ముక్కుతో 4 అంకెలు లోపలికి, వేడి టీ ఊదినట్టు పెదాలు చిన్నగా చేసి 6 అంకెలు బయటికి. అంటే నిమిషానికి 6 ఊపిరులు, 5 నిమిషాలకు 30. బొడ్డు మీది చెయ్యి కదలాలి, రొమ్ము మీది చెయ్యి దాదాపు కదలకూడదు. భుజాలు పైకి లేస్తుంటే తప్పుగా చేస్తున్నట్టు. 4 పట్టలేకపోతే 3 లోపలికి, 5 బయటికి.

దీన్ని పరీక్ష రోజు మొదటిసారి నేర్పితే పనిచేయదు. మామూలు రోజుల్లో పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, 5 నిమిషాల చొప్పున రెండు వారాలు చేయించండి. ఒంటికి అలవాటైన పనే గాభరాలో గుర్తుకొస్తుంది.

చౌకగా దొరికే ఇంకో సాధనం ఇంజెక్షన్‌కు ముందు చర్మం తుడిచే ఆల్కహాల్ స్వాబ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది. మందుల షాపులో చిన్న పొట్లాల్లో అమ్ముతారు. చింపి ముక్కుకు ఒకటి రెండు సెంటీమీటర్ల కింద పట్టుకుని ముక్కుతో నిమిషం పాటు నెమ్మదిగా వాసన చూడాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ, మొత్తం మూడుసార్లు. ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో పరీక్షించి వికారం తగ్గుతుందని తేల్చిన పద్ధతి ఇది, నాటు వైద్యం కాదు. సెంటు కలిపిన శానిటైజర్ దీనికి బదులు పనికిరాదు. ఘాటు పడని పిల్లలకు, ఆస్తమా ఉన్నవాళ్లకు వద్దు.

మణికట్టు మీద నొక్కే చోటు కూడా చూపించండి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు కొలిస్తే, మధ్యలో తాళ్లలా ఉండే రెండు స్నాయువుల నడుమ ఉంటుంది. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కాలి, తర్వాత రెండో చెయ్యి. ఇది ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి ఎక్కువగా పరీక్షించిన పద్ధతి. గాభరా వాంతికి అంత గట్టి సాక్ష్యం లేదు, కానీ హాని లేదు, హాల్లో కూర్చుని ఎవరికీ కనిపించకుండా చేసుకోవచ్చు. అది పెద్ద లాభం.

ఇవన్నీ చేసినా వాంతి వస్తే రానివ్వండి. గొంతులో బిగబట్టడం వల్ల భయం పెరగడం తప్ప ఇంకేం లేదు. ముందుకు వంచి, జడ వెనక్కి పట్టుకోండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీరసంగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి, తల కింద ఎత్తు పెట్టండి. అయ్యాక గ్లాసు నీళ్లలో టీస్పూను తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మాలి. వెంటనే పళ్లు తోమితే ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. 30 నిమిషాలు ఆగి తోమాలి. వారం వారం వాంతులయ్యే పిల్లకు ఇది చిన్న విషయం కాదు.

పక్కన ఒక్కరే ఉండండి. "ఎలా ఉంది? వస్తోందా? ఇప్పుడు వస్తోందా?" అని ఐదు నిమిషాలకోసారి అడగకండి. అడిగిన ప్రతిసారీ ఆమె కడుపులోకి తొంగి చూసుకుంటుంది.

---

జవాబు 3: డైటీషియన్, హాస్టల్ మెస్‌లు

వార్డెన్ గారూ, మీరు రాసిన వేళల్లోనే సగం సమస్య ఉంది. రాత్రి 8 నుంచి పొద్దున 7:30 దాకా పదకొండున్నర గంటలు ఖాళీ కడుపు, మధ్యలో ఒక టీ. ఖాళీ కడుపులో టీ ఆమ్లం పెంచుతుంది, అందులోని కెఫీన్ గుండెదడ పెంచుతుంది. ఆ దడను పిల్ల భయం అనుకుంటుంది. పరీక్ష రోజు టీ మానిపించండి. కానీ రోజూ తాగే పిల్లకు ఆ ఒక్క రోజే ఆపితే తలనొప్పి వస్తుంది, కాబట్టి వారం ముందు నుంచే సగం కప్పుకు, తర్వాత పావు కప్పుకు తగ్గించుకుంటూ రండి.

ముందురోజు రాత్రి 9:30కి ఒక అరటిపండు గానీ చిన్న గ్లాసు రాగి జావ గానీ ఇవ్వండి. పొద్దున మంచం దిగకముందే, దిండు పక్కన పెట్టుకున్న గుప్పెడు మరమరాలు లేదా రెండు ఉప్పు బిస్కెట్లు నెమ్మదిగా నమిలి, పావుగంట కూర్చుని తర్వాత లేవాలి. మీ వైపు మరమరాలు, రాయలసీమలో బొరుగులు. వాసన లేనివి, పొడివి, నూనె లేనివి కావడమే వాటి గొప్పతనం. నీళ్లు వాటితో కలిపి తాగొద్దు, అరగంట ఎడం పెట్టండి. 6:45 ప్రాంతంలో చల్లారిన ఇడ్లీ ఒకటి, వీలైతే రెండు. కారప్పొడి, నెయ్యి, అల్లం పచ్చడి అన్నీ పరీక్ష అయ్యాక. ఇడ్లీ పోకపోతే మెత్తగా కలిపిన పెరుగన్నం నాలుగు ముద్దలు.

ఎందుకు చల్లార్చమంటున్నానంటే, వేడి తిండి ఆవిరిలో వాసన ఎక్కువ. వికారం ఉన్న మనిషికి ముక్కు పది రెట్లు పనిచేస్తున్నట్టుంటుంది. ఆ అమ్మాయిని మెస్‌లో వంటగది తలుపుకు దూరంగా కూర్చోబెట్టండి. 7 గంటలకు ఎండుమిర్చి, ఇంగువ తాలింపు గుప్పున కొట్టే చోట ఎంత నచ్చజెప్పినా ముద్ద దిగదు.

వాంతి అయితే 20 నిమిషాలు ఏమీ వద్దు. దాహం వేస్తే నోరు తడుపుకుని ఉమ్మడమే. తర్వాత 15 నిమిషాల పాటు 3 నిమిషాలకో టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, ఓఆర్‌ఎస్ ఇవ్వండి. నిలిస్తే 5 నిమిషాలకు 3 టీస్పూన్లు. ఇలా గంటకు 180 మిల్లీలీటర్లు పోతుంది, చాలు. మళ్లీ వాంతి అయితే 10 నిమిషాలు ఆగి టీస్పూనుకు తిరిగి రావాలి. పాపం నీరసించిందని గ్లాసెడు నీళ్లు ఒక్కసారి పట్టిస్తే కడుపు సాగి మళ్లీ బయటికే వస్తుంది, వాంతి తర్వాత వాంతి అయ్యేది ఎక్కువగా ఇందువల్లే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములది, లీటరు నీళ్లకు మొత్తం ఒకేసారి కలపాలి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. కొంచెం కొంచెం గ్లాసులో వేసి కలిపితే ఒక గ్లాసులో ఉప్పంతా, ఒక గ్లాసులో తీపంతా పోతుంది. కలిపింది 24 గంటల తర్వాత పారబోయండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. దీనిలో పొటాషియం ఉండదు, వాంతులతో పోయేది అదే, కాబట్టి తేరుకున్నాక అరటిపండు గానీ కొబ్బరినీళ్లు గానీ ఇవ్వండి.

పేరులో ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మిన తీపి డబ్బాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. షాపువాడు చేతికిచ్చింది తీసుకోకుండా ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. చక్కెర ఎక్కువైన నీళ్లు పేగులోకి నీటిని లాగి విరేచనం తెప్పిస్తాయి. గ్యాసు కూల్‌డ్రింకులు కడుపు ఉబ్బిస్తాయి. పుల్ల మజ్జిగ వాంతి అయిన వెంటనే వద్దు, గంటన్నర తర్వాత పల్చగా, ఉప్పేసి ఇవ్వొచ్చు.

అల్లం పనిచేస్తుంది, కానీ కొలత ఉండాలి. శొంఠి పొడి పావు టీస్పూను అంటే అర గ్రాముకు అటూ ఇటూ. రోజుకు రెండుసార్లు చాలు. గోరువెచ్చని నీళ్లలో కలిపి, టిఫిన్ తర్వాత, గుక్క గుక్కగా. ఖాళీ కడుపులో ఘాటుగా కషాయం తాగిస్తే గుండెలో మంట వచ్చి అదే వాంతి తెప్పిస్తుంది. పుదీనా బిళ్లలు కూడా ఛాతీలో మంట ఉన్నవాళ్లకు ఎదురు తిరుగుతాయి.

---

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగంగా ఉంది. రెండు సంగతులు అడగాలి. ఆర్‌ఎంపీ రాసిన రోజువారీ మాత్రలు ఆపమనాలా? పరీక్ష రోజు ఒక్కటి వేయొచ్చా? రెండోది, మొదటి ఏడాది అమ్మాయి ఒకతి ఉంది, 16 ఏళ్లు. నెల క్రితం తండ్రి పోయాడు. పదకొండో రోజు అయ్యాక హాస్టల్‌కు వచ్చింది. కంచం ముందు కూర్చోగానే డోకు. రెండు ముద్దలు తింటే బయటికి వస్తోంది. పరీక్షలతో సంబంధం లేదు, మూడు పూటలా ఇంతే.

---

జవాబు 4: ఫార్మసిస్ట్, కరీంనగర్

మాత్రల గురించి నేను చెప్తా. ఇవన్నీ డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందులే, షాపులో అడగ్గానే ఇచ్చేస్తారని చీటీ లేకుండా వాడకండి.

గ్యాస్ మాత్ర అని మన దగ్గర అందరూ మింగే దాంట్లో రెండు మందులుంటాయి, ఆమ్లం తగ్గించే పాంటొప్రజోల్, వాంతి ఆపే డొంపెరిడోన్. డొంపెరిడోన్ రోజుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు, ఎక్కువ రోజులు వాడకూడదు, గుండె లయ చెడే ప్రమాదం ఉంది. నెలసరి తప్పడం, రొమ్ముల్లోంచి పాలు రావడం కూడా ఆడపిల్లల్లో చూస్తాం, అప్పుడు ఇంట్లో వాళ్లు ఇంకేదో అనుకుని కంగారు పడతారు. గాభరా వాంతికి నెలల తరబడి దీన్ని వాడటంలో అర్థం లేదు.

ఇంకో వాంతుల మందు ఆండన్‌సెట్రాన్. ఎమెసెట్, వామికైండ్ పేర్లతో వచ్చేది, నాలుక మీద కరిగే 4 మిల్లీగ్రాముల మాత్ర. డాక్టరు రాస్తే పరీక్ష రోజు వాంతి మొదలయ్యే సూచన ఉన్నప్పుడు ఒకటి వేయొచ్చు. పని మొదలవ్వడానికి అరగంట పడుతుంది. తడి చేత్తో తీస్తే చేతిలోనే కరిగిపోతుంది, అట్ట వెనక రేకు ఒలిచి పొడి వేలితో తీయాలి, మాత్రను రేకులోంచి నొక్కితే పొడి అవుతుంది. మలబద్ధకం, తలనొప్పి వస్తాయి. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయి ఉంటే, పిల్ల దిగులుకు, గాభరాకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ లాంటి మందు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, రెండూ కలిస్తే గుండె లయ మీద పని చేస్తాయి. వాంతులతో పొటాషియం పడిపోయిన ఒంట్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మెటోక్లోప్రమైడ్, అంటే పెరినార్మ్ అనే వాంతుల మందు, పిల్లలకు సొంతంగా అసలు వద్దు. చిన్న వయసు వాళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లు పైకి గుంజుకుపోవడం, నాలుక బయటికి రావడం జరుగుతుంది. దాన్ని చూసి గాలి సోకింది, దయ్యం పట్టిందని తిప్పిన ఇళ్లున్నాయి. అది మందు చేసిన పని, ఆస్పత్రిలో ఒక ఇంజెక్షన్‌తో నిమిషాల్లో విడుతుంది.

ఇంకొక మాట. నిద్రకు, గాభరాకు ఆల్‌ప్రజోలామ్ సగం ముక్క ఇచ్చి పరీక్షకు పంపేవాళ్లున్నారు. చదివింది గుర్తుకు రానివ్వదు, నాలుగు వారాలకే అలవాటు చేస్తుంది. ప్రొప్రనొలాల్ దడ తగ్గిస్తుంది గానీ ఆస్తమా ఉన్న పిల్లకు ఊపిరి ఆగే పరిస్థితి తెస్తుంది. రెండూ పక్క పిల్ల దగ్గర అడిగి వేసుకునేవి కావు.

---

జవాబు 5: కౌన్సెలింగ్, స్టూడెంట్ హెల్ప్

రెండో అమ్మాయి సంగతి వేరు, దానికి తొందర ఎక్కువ.

మొదట తెలుసుకోవాల్సింది, ఈ నెలలో అసలు ఎంత తిన్నది. పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినని పిల్లకు ఒక్కసారిగా బాగా తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె మీదకు రావచ్చు. అలాంటి పిల్లను డాక్టరు చూసి, రక్తపరీక్ష చేసి, విటమిన్ బి1 ఇచ్చి, తిండి కొంచెం కొంచెంగా పెంచాలి. కాబట్టి రేపే చూపించండి, వారాంతానికి వాయిదా వేయొద్దు.

రెండు ముద్దలు ఎలా బయటికి వస్తున్నాయో గమనించండి. వికారం లేకుండా, తిన్న పావుగంట లోపు, శ్రమ లేకుండా నోట్లోకి వచ్చేస్తుంటే అది వాంతి కాదు, నెమరు లాంటిది. పొట్ట కండరాలు తెలియకుండా బిగుసుకోవడం వల్ల వస్తుంది. దానికి వాంతుల మందు పనిచేయదు, తిన్న వెంటనే పైన చెప్పిన పొట్ట ఊపిరి 10 నిమిషాలు చేయించడమే ముఖ్యమైన చికిత్స. డోకుతో, చెమటతో వస్తుంటే అది వేరు. తిన్న ప్రతిసారీ తలుపేసుకుని బాత్రూంకు వెళ్తుంటే, వేళ్ల కణుపుల మీద పళ్ల గాట్లు కనిపిస్తే తనే వేలు పెట్టుకుని కక్కుతోందేమో, అదీ డాక్టరుకు చెప్పాలి.

ఆ పిల్లను కంచం ముందు కూర్చోబెట్టి "నాన్న కోసం ఒక్క ముద్ద తిను తల్లీ" అనొద్దు. ప్రేమగా అనే మాటే, కానీ ఆ ముద్దకు తండ్రి చావును కట్టేస్తున్నాం. ఏ వాసనకు వస్తోందో మెల్లగా అడగండి. సాంబ్రాణి, ఆస్పత్రి ఫినాయిల్, కర్మ రోజుల్లో వండిన కూర, ఏదో ఒకటి ఉంటుంది. ఆ కూర నెలరోజులు ఆమె కంచంలోకి రాకుండా చూడండి. పెద్ద కంచం కాకుండా చిన్న గిన్నె, రెండు గంటలకోసారి మూడు నాలుగు చెంచాల గంజి, సగ్గుబియ్యం జావ, పెరుగన్నం. మెస్ హాల్లో కాకుండా వరండాలో, ఒక స్నేహితురాలి పక్కన. ఎదురుగా కూర్చుని ఎంత తింటుందో చూడొద్దు, పక్కన కూర్చుని మీరూ తినండి.

నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "నేనూ పోతే బాగుండు" అనే మాట, తన వస్తువులు పంచిపెట్టడం, వీటిలో ఏది ఉన్నా ఒంటరిగా ఉంచకండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వార్డెన్‌గా మీరు కూడా చేసి సలహా అడగొచ్చు. సైకియాట్రిస్టు మందు మొదలుపెడితే మొదటి ఒకటి రెండు వారాలు ఆ మందే వికారం తెస్తుంది, టిఫిన్ తర్వాత వేయిస్తే తగ్గుతుంది. ఆ వారాల్లో పిల్ల మరీ చిరాకుగా, కుదురు లేకుండా అయితే డాక్టరుకు ఫోన్ చేయాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

మళ్లీ మొదటి అమ్మాయి దగ్గరికి వస్తాను. వాంతి అయిన రోజు పరీక్ష మాన్పించారా? మాన్పిస్తే ఆ క్షణంలో ఆమెకు కలిగే ఊరట చాలా పెద్దది. ఒళ్లు ఆ ఊరటను గుర్తుపెట్టుకుని వచ్చే వారం ఇంకా ముందే వాంతి మొదలుపెడుతుంది. ఆమె కావాలని చేసేది కాదు ఇది. అలా అని లాక్కెళ్లి కూర్చోబెట్టడమూ పరిష్కారం కాదు. వాంతి, 20 నిమిషాల విరామం, తర్వాత హాల్లోకి. పరీక్ష సగం అయిపోయినా సరే, చివరి అరగంట మిగిలినా సరే, వెళ్లి కూర్చోవాలి. ఆ రోజు మార్కులు లెక్కలోకి తీసుకోబోమని లెక్చరర్లు ముందే మాటివ్వాలి. నోటీసు బోర్డు మీద ర్యాంకు ఈ రెండు నెలలు పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

మెట్లు మెట్లుగా అలవాటు చేయండి. మొదటి వారం తన గదిలో 20 నిమిషాల చిన్న పరీక్ష, గడియారం లేకుండా. తర్వాత గడియారంతో. తర్వాత ఖాళీ హాల్లో ఒక్కతే. తర్వాత నలుగురితో. తర్వాత పూర్తి హాల్లో తలుపు పక్క సీటులో గంట. చివరికి 9 నుంచి 12 దాకా, పబ్లిక్ పరీక్ష వేళకే. ప్రతి మెట్టు మీద వికారం వస్తుంది, వచ్చి 20, 30 నిమిషాల్లో తనంతట తానే తగ్గడం ఆమె కళ్లారా చూడాలి. తగ్గకముందే లేపేస్తే ఆ మెట్టు వృథా. రెండుసార్లు సులువుగా అయ్యాకే పై మెట్టు.

---

ప్రశ్న అడిగినవారు

రెండో అమ్మాయిని పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, వాళ్లమ్మను కూడా రమ్మన్నాను. మొదటి అమ్మాయిని 5:30కి లేపేలా మార్చాను. పబ్లిక్ పరీక్ష హాల్లో వాంతి సంచి పెట్టుకోనిస్తారా?

---

జవాబు 3: డైటీషియన్, హాస్టల్ మెస్‌లు

సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌ను పరీక్షకు రెండు రోజుల ముందే కలవండి, ఆ పొద్దున గేటు దగ్గర అడిగితే ఎవరూ వినే స్థితిలో ఉండరు. డాక్టరు రాసిన కాగితం పట్టుకెళ్లి మూడు అడగండి: తలుపు పక్క సీటు, లేబుల్ తీసేసిన పారదర్శక సీసాలో ఓఆర్‌ఎస్, ఏమీ రాయని పారదర్శక కవర్లు రెండు. ఒకదాంట్లో ఒకటి పెట్టి అంచు బయటికి మడిచి ఉంచితే చేతులు వణికినా తెరవడానికి ఇబ్బంది ఉండదు. ఇన్విజిలేటర్‌కు కూడా అదే రోజు చెప్పి ఉంచమనండి, లేకపోతే కవర్ తీయగానే చీటీ అనుకుని మీద పడతారు. సంచి డెస్కులో ఉందని తెలిస్తే చాలామంది పిల్లలకు దాన్ని తీయాల్సిన అవసరమే రాదు.